బంగారమ్మ ఆఖరి సాక్ష్యం

మా పేట మందిరానికి నేను వెళ్ళేది సగం దేవుడి కోసం, సగం బంగారమ్మ సాక్ష్యం కోసం. ఈ మాట పాస్టరుగారి ముందు ఎప్పుడూ అనలేదు గానీ, ఆయనకి తెలియక కాదు. ఆయన ప్రసంగం మొదలుపెడితే వెనక వరసల్లో ఆడవాళ్ళు పిల్లల జడలు అల్లుకుంటూ కూర్చునేవారు. బంగారమ్మ కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడితే మాత్రం ఏడ్చే పిల్ల కూడా నోరు మూసేది.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. మా దగ్గర ఆదివారం పాటలయ్యాక, ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఆ వారం దేవుడు తనకి చేసిన మేలు ఏదైనా ఉంటే, లేచి మైకు పట్టుకుని అందరి ముందూ చెప్పుకోవాలి. చాలామందివి ఒకే అచ్చు. జ్వరం వచ్చింది, ప్రార్థన చేయించుకున్నాను, తగ్గింది, స్తోత్రం. మధ్యలో మాత్ర వేసుకున్న సంగతి ఎవరూ చెప్పరు. బంగారమ్మది ఆ బాణీ కాదు. వారమంతా చేసిన చాకిరీలో ఏదో ఒకటి ఆవిడ కళ్ళబడేది. దాన్నే తెచ్చి మా ముందు పెట్టేది.

వరదలొచ్చి బోరింగులు మునిగిపోయిన ఏడు, అందరం ఏటి నీళ్ళలో పటిక వేసుకుని తాగుతున్నాం. ఆ ఆదివారం ఆవిడ లేచింది. ‘‘బిందెలో పటిక తిప్పేనండి. పైన నీళ్ళు అద్దంలా తేరినియ్యి. అడుగున బురద మాత్రం ఎక్కడికీ పోలేదండి. నేనూ అంతే. రక్షణ పొందేను, మారిపోయేను అనుకుంటాను. మా ఆడపడుచు వచ్చి ఒక్క మాటంటే చాలు, బిందె కుదిపినట్టే. ఆ అడుగు బురద కూడా తోడేదాకా నన్ను వదలొద్దని ప్రభువుని అడుగుతున్నానండి.’’ ఆ ఆడపడుచు ముందు వరసలోనే కూర్చుని ఉంది. నవ్వాలో కోప్పడాలో తెలియక ఆవిడా నవ్వేసింది.

ఆవిడ పని కురిడీ కొట్టులో. కొబ్బరికాయల్ని అటక మీద పోసి నెలల తరబడి వదిలేస్తే లోపల నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలి గుండులా ఊడుతుంది. అదే కురిడీ. కాయని చెవి దగ్గర పెట్టి ఆడించి, తయారైందో లేదో చెప్పడం బంగారమ్మ వంతు. ఆ అటక మీద నుంచీ, ఆ పీచు గుట్టల్లో నుంచీ, మధ్యాహ్నం విప్పుకునే అన్నం కేరేజీలో నుంచీ ఆవిడకి పాఠాలు దొరికేవి. నేను మిషను కుట్టుకునే మనిషిని. పదేళ్ళుగా సూదిలో దారం ఎక్కిస్తున్నా నాకు ఒక్క పాఠమూ దొరకలేదు. అదే అంటే, ‘‘నువ్వు దారం చూస్తావు చెల్లీ, నేను సూది బెజ్జం చూస్తాను’’ అనేది.

ఒక్కటే లోపం. చెప్పింది ఏదైనా పూసగుచ్చినట్టు చెప్పాలి. ఎవరి అటక, ఏ వైపు గుమ్మం, కత్తి పిడి ఏ చెక్కతో చేసింది, అన్నీ రావాలి. మధ్యలో ఎవరైనా తొందరపెడితే, వివరం లేని కథ ఉప్పులేని కూర అనేది. మాకూ అదే బాగుండేది.

బంగారమ్మ పుట్టిందీ, కాపురం చేసిందీ పి.గన్నవరం అవతల లంకలో. మొగుడు ఎర్రయ్య కొబ్బరి దింపు చేసేవాడు. తడిసిన చెట్టొకటి అతన్ని కింద పడేసింది. నడుము విరిగి మంచాన పడ్డాడు. మొదట్లో వచ్చి చూసిన చుట్టాలు, మంచం వాసన వేయడం మొదలయ్యాక రావడం మానేశారు. అప్పుడు వచ్చినవాళ్ళు పాస్టరు ధర్మరాజుగారూ, ఆయన భార్యా. అమ్మగారు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకోకుండా ఎర్రయ్య పుళ్ళు కడిగేది. నాకు పాస్టరుగారి మీద ఎన్ని కోపాలున్నా ఈ సంగతి మాత్రం దాచను. ఎర్రయ్య పోయాడు గానీ, పోయేనాటికి అతని ఒంటి మీద ఉతికిన దుప్పటి ఉంది. బంగారమ్మ ఆ దుప్పటి చూసి బాప్తిస్మం తీసుకుంది. తనకి వాక్యం తర్వాత తెలిసిందనీ, ముందు దుప్పటే తెలిసిందనీ అనేది.

ఆ తర్వాత గోదారి లంకని కోసుకుంటూ వచ్చి ఆవిడ ఇంటిని తినేసింది. మా వైపు ఏటిగట్టు కింద స్థలం ఇచ్చారు. పునాది పడింది, మొండిగోడలు లేచాయి, అక్కడితో ఆగింది. పైన తాటాకు కప్పుకుని తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఉండేవారు.

కూతురు నాగదుర్గ. తల్లి దేవుణ్ణి నమ్ముకోక ముందు పెట్టిన పేరు. మారుద్దామని పాస్టరుగారు అంటే, ఇన్నాళ్ళూ అమ్మ పిలిస్తే పలికాను, దేవుడు పిలిస్తే పలకనా అని ఎదురడిగింది. నా దగ్గరే మిషను నేర్చుకుంది. కాజాలు కుట్టడంలో నన్ను మించిపోయింది. పెళ్ళి మాట ఎవరెత్తినా ముందు ఇంటికి కప్పు పడాలనేది. ఆ పిల్ల నవ్వితే ఒక పక్క పన్ను మీద పన్ను కనబడేది. ఇది రాస్తుంటే అదే కళ్ళ ముందు ఉంది.

కప్పు కోసమే కువైట్ వెళ్ళింది. పంపించినవాడు పక్క ఊరి మాణిక్యాలరావు. పూర్వం అక్కడే డ్రైవరుగా చేసి వచ్చి, ఇప్పుడు ఇంటిపని వీసాల మీద మన ఆడవాళ్ళని పంపిస్తుంటాడు. మర్యాదకి లోటులేని మనిషి. కుక్కని అదిలించినా అండీ అనే రకం. మందిరంలో ఆరాధనని ఫోనులో లైవు పెట్టమని పాస్టరుగారికి సలహా ఇచ్చిందీ, ఫోను నిలబెట్టే స్టాండు కొనిచ్చిందీ అతనే. తాను పంపించిన ఆడవాళ్ళు ఆదివారం పూట మన పాటలు వినాలని బెంగపడుతున్నారని చెప్పాడు. అది అబద్ధం కాదు. అక్కడ వంటింట్లో గిన్నెలు తోముకుంటూ ఫోను గట్టు మీద పెట్టుకుని చూసే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. కింద ఆమెన్, ఆమెన్ అని పెడుతుంటారు. మాణిక్యాలరావుది మన విశ్వాసం కాకపోయినా అతనూ చూసేవాడు. ఎవరు బాగున్నారో, ఎవరు ఏడుస్తున్నారో అతనికి తెలియాలిగా.

నాగదుర్గ పడిన ఇల్లు మంచిది కాదు. వెళ్ళిన కొత్తలో రెండుసార్లు మాట్లాడింది, తర్వాత ఫోను లాక్కున్నారు. దొంగతనంగా ఎవరిదో ఫోను పట్టుకుని ఒకసారి చేసింది. ఆ ఇంటావిడ కొడుతుందనీ, ఇస్త్రీ పెట్టెతో చెయ్యి కాల్చిందనీ, జీతం అడిగితే గదిలో పెట్టి తాళం వేశారనీ చెప్పింది. తల్లి మాణిక్యాలరావు గుమ్మం చుట్టూ తిరిగింది. అతను మాట్లాడతానన్నాడు. ఎవరితో మాట్లాడాడో, ఏం మాట్లాడాడో దేవుడికే తెలియాలి.

అప్పుడు బంగారమ్మ మొక్కుకుంది. ఉపవాస ప్రార్థనలో, అందరం మోకాళ్ళ మీద ఉండగా, పైకే అంది. నా పిల్ల ఆ ఇంట్లోంచి ప్రాణాలతో బయటపడితే, వచ్చే మొదటి ఆదివారమే నీ సన్నిధిలో నిలబడి సాక్ష్యం చెబుతాను ప్రభువా అని. పాస్టరుగారు ఆమెన్ అన్నారు, మేమంతా ఆమెన్ అన్నాం.

ఈ మొక్కుబడి సంగతి బయటివాళ్ళకి చిన్నదిగా కనిపించవచ్చు. మా పేటలో అది చిన్నది కాదు. మేలు పొంది సాక్ష్యం చెప్పకుండా దాచుకుంటే, ఆ మేలు వెనక్కి పోతుందని మావాళ్ళ నమ్మకం. బుజ్జమ్మ మొగుడికి పచ్చకామెర్లు తగ్గాయి. సిగ్గుపడి ఆవిడ లేచి చెప్పలేదు. నెల తిరక్కుండా తిరగబెట్టి అతను పోయాడు. అతను మళ్ళీ తాగడం మొదలుపెట్టాడని అందరికీ తెలుసు. అయినా తప్పంతా బుజ్జమ్మ నోటిదే అయింది. ఆ మాట పాస్టరుగారే ప్రసంగంలో రెండు మూడుసార్లు వాడుకున్నారు. బుజ్జమ్మ తల వంచుకుని విన్నది. బంగారమ్మ ఆవిడ పక్కనే కూర్చుని విన్నది.

ఒక గురువారం మధ్యాహ్నం కురిడీ కొట్టులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. నాగదుర్గ. తెల్లవారుతూనే చెత్త పారబోయడానికి తలుపు తీసినప్పుడు, సంచీ అక్కడే పడేసి పరుగు తీసింది. ఎలా తిరిగిందో తిరిగింది, మన మాట వినబడితే ఆగింది. రాజోలు నుంచి వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడే ఉన్న ఒక పెద్దావిడ తన గదికి తీసుకుపోయి అన్నం పెట్టింది. అలా యజమాని ఇంట్లోంచి పారిపోయి దాక్కున్నవాళ్ళని కువైట్ వెళ్ళొచ్చిన మావాళ్ళు కల్లివెల్లి అంటారు. దొరికితే మళ్ళీ ఆ యజమాని చేతిలోనే పెడతారు. రాజోలు ఆవిడకి మళ్ళీ గురువారం సెలవు. ఆ రోజున నాగదుర్గని ఎంబసీకి తీసుకెళ్ళి, ఇంటికి పంపే ఏర్పాటు చేయిస్తానంది. అప్పటిదాకా గది దాటకూడదు. అంతే, ఒక్క వారం.

తల్లి ఊరుకుంటుందా. ఆ గది ఎలా ఉంటుంది, కింద ఏముంది, ఎదురుగా ఏముంది, దుప్పటి ఉందా, అన్నీ అడిగింది. పిల్ల అన్నీ చెప్పింది. ఆఖర్న ఒక్కటే గట్టిగా చెప్పింది. ‘‘ఎవరికీ చెప్పకమ్మా. మాణిక్యాలరావుగారు అడిగితే తెలీదను. మందిరంలో కూడా చెప్పకు. నేను ఇంటికొచ్చేక ఇద్దరం కలిసి చెబుదాం.’’

ఆ సాయంత్రం బంగారమ్మ నా మిషను పక్కన కూర్చుని ఇదంతా చెప్పింది. సంతోషం పట్టలేక ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా నోరు కట్టేసుకున్నాను. నా మొగుడికి కూడా చెప్పలేదు.

మర్నాడే మాణిక్యాలరావు బంగారమ్మ ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చున్నాడు. పిల్ల పారిపోయిందని, అక్కడ పనివాళ్ళని ఇళ్ళకి కుదిర్చే ఆఫీసువాళ్ళు తన మీద పడుతున్నారనీ, ఆచూకీ తెలిస్తే తానే మాట్లాడి మంచి ఇంటికి మార్పిస్తాననీ చెప్పాడు. బంగారమ్మ తనకి తెలియదంది. ‘‘ఆయ్, అలాగేనండి అక్కగారూ. తెలిస్తే మాత్రం నాకే ముందు చెప్పండి’’ అని లేచాడు. అతను గట్టెక్కేదాకా చూసి, అబద్ధం ఆడినందుకు ఆవిడ అక్కడే కూలబడి క్షమాపణ ప్రార్థన చేసుకుంది. ఆ అబద్ధం ఆవిడ జీవితంలో చేసిన అతి మంచి పని అని నేనన్నాను. ఆవిడ వినలేదు.

శనివారం ఆవిడ మొహం చూస్తే నాకే భయం వేసింది. తిండి తినలేదు. ఆదివారం లేచి చెప్పకపోతే మొక్కు తప్పినట్టు, చెబితే పిల్ల మాట తప్పినట్టు. నేను కోప్పడ్డాను. దేవుడికి ఏమైనా చెవుడా అక్కా, మైకులో చెబితే గానీ వినబడదా అన్నాను. ఇంట్లో తలుపేసుకుని చెప్పు, ఆయన వింటాడు, గురువారం దాటాక కావాలంటే ఏటిగట్టు మీద నిలబడి డప్పు కొట్టించు అన్నాను. ఆవిడ మెల్లగా అంది. ‘‘నా ఒంటికి ఏమైనా అయితే పోనీ అనుకుందును చెల్లీ. ఆయన ఇచ్చింది నా పిల్లని. మాట తప్పితే తీసుకునేది నా పిల్లనే కదా.’’

ఆ భయం ఆవిడకి ఆకాశంలోంచి ఊడిపడలేదు. బుజ్జమ్మ కథ వినీ వినీ వచ్చింది. నాకు కోపం దేవుడి మీద కాదు, ఆ కథ చెప్పిన నోటి మీద. ఇప్పటికీ అక్కడే ఉంది ఆ కోపం.

చీకటి పడేవేళకి ఆవిడ మొహం కాస్త తేటపడింది. దారి దొరికిందంది. పేరు చెప్పదట, ఊరు చెప్పదట, మనిషి సంగతే ఎత్తదట. ఎప్పటిలాగే ఒక కోడిపెట్ట మీద పెట్టి చెబుతుందట. దేవుడికి అర్థమవుతుంది, మనుషులకి అర్థం కాదు, మొక్కూ తీరుతుంది, పిల్ల మాటా నిలబడుతుంది. అది విని నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

ఆదివారం మందిరం నిండింది. ఫోను స్టాండు మీద ఎప్పటి చోటే ఉంది. పాటలయ్యాయి. ఇద్దరు ముగ్గురు జ్వరాల సాక్ష్యాలు చెప్పాక బంగారమ్మ లేచి మైకు పట్టుకుంది.

‘‘అందరికీ వందనాలండి. ఈ వారం నేనొక పెట్ట సంగతి చెబుతానండి. ఆ పెట్టని పరాయి ఇంటివాళ్ళు గంప కింద మూసేసేరు. నూకలు వెయ్యలేదు, నీళ్ళు పెట్టలేదు, గుడ్లు మాత్రం కావాలన్నారు. కాలిన గరిటె తెచ్చి రెక్క మీద వాత పెట్టేరు. అది ఏడిస్తే వినేవాళ్ళు లేరండి. విన్నవాడు ఒక్కడే. చెత్త పారబోసే వేళ చూసి, ఆయన గంప అంచు కొంచెం ఎత్తేడు. వేలెడంత సందు. పెట్ట బయటపడి పరిగెత్తింది.’’

ముందు వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. అక్కడితో స్తోత్రం అని కూర్చుంటే సరిపోయేది. నేను వెనకనుంచి చూస్తున్నాను. ఆవిడ మొహం వెలుగుతోంది. కథ చెబుతుంటే ఆవిడకి ఎప్పుడూ వచ్చే వెలుగే అది. ఆ వెలుగు వచ్చాక ఆవిడ చేతిలో ఏదీ ఉండదు.

‘‘పెట్ట ఎక్కడికి పోద్దండి? ఊరుగాని ఊరు. అక్కడ గుండ్రటి రొట్టెలు కాల్చే కొట్టొకటి ఉంది. దాని మేడ మీద చిన్న గది. కింద పొయ్యి సెగకి అది వెచ్చగా ఉంటాది. ఎదురుగా బళ్ళకి రంగులేసే షెడ్డు. ఆ గదిలో రాజోలు పెట్ట ఒకటి ముందునుంచీ ఉందండి, ముసల్ది. అది రెక్క ఎత్తి, రావే అమ్మా అని లోపలికి తీసుకుంది. ప్రభువు రెక్కలు ఎక్కడో ఆకాశంలో ఉంటాయి అనుకున్నానండి ఇన్నాళ్ళూ. రాజోలు పెట్టకి కూడా ఇచ్చి పంపిస్తాడని ఈ వారం తెలిసింది. స్తోత్రం.’’

రాజోలు పెట్ట అనగానే అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒక్కసారే. గుండ్రటి రొట్టెలన్న చోట, ఇది చెప్పకూడదే అనిపించింది గానీ, చుట్టూ అంత సంతోషంలో అది నిలబడలేదు. పాస్టరుగారు లేచి, ఇంత చక్కటి పాఠం పెద్ద సభల్లో కూడా వినలేదని మెచ్చుకున్నారు. ఆ పెట్ట ఎవరో మనకందరికీ తెలుసు, దేవుడికి మహిమ అని ఆయనే అన్నారు. అంతా లైవులో పోయింది.

మంగళవారం సాయంత్రం రాజోలు ఆవిడ ఫోను చేసింది. తాను పనికి వెళ్ళి వచ్చేసరికి గది తలుపు విరిగి ఉంది. మగవాళ్ళు నలుగురు కారులో వచ్చారని కింద రొట్టెల కొట్టువాళ్ళు చెప్పారు. పిల్ల కేకలు పెట్టిందట, రంగుల షెడ్డులో వాళ్ళు బయటికి వచ్చి చూశారట. ఆవిడ తిట్టడం మొదలుపెట్టింది. నా చోటు ఎవరు చెప్పారమ్మా, ఎవరికి చెప్పారు మీరు అని. తిడుతూనే ఏడ్చింది. బంగారమ్మ ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నేను లాక్కుని విన్నాను.

వెంటనే ఇద్దరం మాణిక్యాలరావు ఇంటికి వెళ్ళాం. అతను దాచలేదు. దాచాల్సిన పని ఉందని కూడా అతనికి అనిపించలేదు. కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ‘‘నేనేం కనిపెట్టలేదండి అక్కగారూ. మీరు చెప్పిందే విన్నాను. రాజోలు ఆవిణ్ణి ఒకప్పుడు పంపించింది నేనేనండి. ఏ పేటలో ఉంటాదో తెలుసు. ఆ వీధుల్లో బండి తోలేను, రంగుల షెడ్డు ఎదురుగా రొట్టెల కొట్టంటే ఒక్కటే ఉందండి. ఆఫీసువాళ్ళు నా పీక మీద కూర్చున్నారు. పిల్లని కొట్టకుండా వేరే ఇంటికి మారుస్తామని నాకు మాటిచ్చేరండి.’’

బంగారమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. నేను అన్నాను, ఇక్కడ రాయదగ్గ మాటలు కావవి. అతను తల వంచుకుని విన్నాడు. తిరిగి వస్తుంటే దారిలో బంగారమ్మ ఒక్కటే అడిగింది, నేను పేరు చెప్పలేదు కదా చెల్లీ అని. చెప్పలేదన్నాను. కాస్త దూరం పోయాక మళ్ళీ అదే అడిగింది. ఇంటికి చేరేదాకా అదే అడిగింది.

వేరే ఇంటికి మార్చలేదు. మళ్ళీ ఆ ఇంట్లోనే పెట్టారు. అక్కణ్ణుంచి ఒక్క ఫోనూ రాలేదు. పాస్టరుగారు ఉపవాస ప్రార్థనలు పెట్టించారు. నేనూ ఉపవాసం ఉన్నాను. అమలాపురంలో ఆఫీసుల చుట్టూ తిరిగాం, అర్జీలు పెట్టాం. పంపించాం అన్నారు, చూస్తున్నారు అన్నారు. ఆ నెల చివర్లో మాణిక్యాలరావే గట్టు దిగి వచ్చాడు. ఈసారి చాప మీద కూర్చోలేదు. నాగదుర్గ మేడ మీద నుంచి పడిపోయిందన్నాడు. బట్టలు ఆరేస్తూ కాలు జారిందని వాళ్ళు చెప్పారట. కాలు జారిందో, దూకిందో, ఎవరైనా తోశారో, ఆ మూడింట్లో ఏది నిజమో మాకు ఈ జన్మలో తెలియదు.

ఆషాఢంలో పెట్టె వచ్చింది. విమానం దిగి, అంబులెన్సులో రాత్రంతా వచ్చి, తెల్లవారేసరికి ఏటిగట్టు మీద ఆగింది. మేకులు ఊడదీసి మొహం మటుకు చూపించారు. పన్ను మీద పన్ను కోసం చూశాను. పెదవులు మూసి ఉన్నాయి. బంగారమ్మ కూతురి కుడి చేతిని గుడ్డల్లోంచి బయటికి తీసింది. ఇస్త్రీ పెట్టె మచ్చ పాతబడి నల్లగా ఉంది. దాని పక్కన కొత్తవి ఉన్నాయి. ఆ చెయ్యి తన చెంపకి ఆనించుకుని ఎంతసేపు కూర్చుందో. ఎవరూ లేపలేకపోయారు.

మా సమాధుల దొడ్డి ఏటి పక్కనే. వానాకాలంలో అక్కడ మోకాలి లోతు తవ్వగానే నీరు ఊరుతుంది. మగవాళ్ళు డబ్బాలతో తోడుతూనే ఉన్నారు, నీరు వస్తూనే ఉంది. పెట్టె దింపితే తేలింది. ఇసక బస్తాలు తెచ్చి మీద పెట్టి అణిచారు. అది చూడకూడదని బంగారమ్మని పక్కకి తిప్పబోయాను. నన్ను తోసేసి చూసింది.

జనం చాలామంది వచ్చారు. ఫోను స్టాండు అక్కడా పెట్టారు. కువైట్‌లో పిల్లని ఎరిగినవాళ్ళు కడసారి చూసుకుంటారని అన్నారు. పాస్టరుగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన నిజంగానే ఏడ్చారు, అది నేను కాదనను. కానీ ఆయనకి చేతిలో మైకు ఉంటే పాఠం చెప్పకుండా ఉండటం రాదు. ఆ ఆదివారం విన్న పెట్ట కథ ఎత్తుకున్నారు. మన సహోదరి చెప్పిన ఆ పెట్ట దేవుడి రెక్క కింద ఉన్నంతసేపూ క్షేమంగా ఉంది, మన మనసులు ఆ రెక్క దాటి ఎప్పుడు బయటికి వెళతాయో మనం చూసుకోవాలి, ఈ బిడ్డ మరణంలో మనకి ఒక హెచ్చరిక ఉంది అన్నారు. నాలుగైదు గొంతులు ఆమెన్ అన్నాయి.

బంగారమ్మ గొయ్యి అంచు నుంచి లేచింది. బురద కాళ్ళతో నడిచి వెళ్ళి స్టాండు మీద నుంచి ఫోను లాక్కుంది. అది ఆపడం ఆవిడకి తెలియదు. కొంగులో చుట్టి, పొట్టకి అదిమి పట్టుకుంది. అప్పుడు పాస్టరుగారి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. సంఘం మొత్తానికీ వినబడింది.

‘‘అయ్యగారూ, నా పిల్లని పాఠం చెయ్యకండి. అది ఏ రెక్కా దాటి పోలేదండి. దాక్కున్న చోటు నేనే చెప్పేను. అది చెప్పొద్దమ్మా అంది, నేను చెప్పేను. చెప్పకపోతే ఆయన తీసుకుంటాడని మీరు చెప్పేరు, నేను నమ్మేను. ఇందులో నేర్చుకునేదేం లేదండి. మట్టి వేయించండి.’’

అమ్మగారు వచ్చి పాస్టరుగారి చేతిలోని మైకు తీసేసుకుంది. ఎవరూ పాట ఎత్తుకోలేదు. మగవాళ్ళు పారలు అందుకున్నారు. మొదటి మట్టి నీళ్ళలో పడిన చప్పుడు కొంగులోని ఫోనులోంచి కువైట్ దాకా వినబడిందట. అక్కడ గిన్నెలు తోముకుంటున్న ఆడపిల్లలు తర్వాత నాతో చెప్పారు.